తాయారుకి ఉండలు లేని టీ

కొల్లేరు వెళ్ళేవాళ్ళు పక్షుల కోసం వెళ్తారు. చలికాలంలో ఎక్కడెక్కడి నుంచో వచ్చి వాలే కొంగల్ని చూసి, ఫోటోలు తీసుకుని, చేపల వేపుడు తిని వచ్చేస్తారు. నేను గుప్పెట్లో పట్టే టీ డబ్బా ఒకటి సంచిలో పెట్టుకుని వెళ్ళాను. పక్షుల గురించి చదువుదామని మొదలుపెట్టినవారు ఇక్కడే ఆగిపోవచ్చు, ఏమీ అనుకోను. మూడు రోజులు ఆ వైపు తిరిగి నేను ఒక్క పక్షిని కూడా తలెత్తి చూడలేదు.

నా పేరు సుగుణ, మాది విజయనగరం. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మంగతాయారు నాతోపాటు విశాఖపట్నంలో బి.ఇడి. చదివింది. హాస్టల్లో ఒకే గది, ఒకే దువ్వెన, పరీక్షల ముందు ఒకే ఏడుపు. తర్వాత తను కైకలూరు అవతల కొల్లేటి ఊరికి కోడలై వెళ్ళిపోయింది. ముప్పై ఏళ్ళ పైచిలుకులో మా ఇంటికి పదిసార్లైనా వచ్చి ఉంటుంది. నేను ఒక్కసారీ వెళ్ళలేదు. సెలవులు దొరకలేదనీ, పిల్లల పరీక్షలనీ, మోకాళ్ళనీ ఏదో ఒకటి చెబుతూ వచ్చాను.

పోయిన ఏడాది తాయారుకి గొంతులో కేన్సరని తేలింది. విశాఖపట్నంలో ఏడు వారాలు రేడియేషన్ ఇచ్చారు. ఆ ఏడు వారాలూ నేను పక్కనే ఉన్నాను. నోరంతా పొక్కిపోయింది. పాల వాసనకే వాంతి. కొబ్బరినీళ్ళు మంట. జావ పోస్తే గొంతులో ఇసుక పోసినట్టుందని చేత్తో తోసేసేది. ఒకరోజు ఆస్పత్రి ఎదురుగా, హారిక అనే అమ్మాయి నడుపుతున్న చిన్న కేఫ్‌లో మాచా అని బోర్డు చూశాను. జపాన్‌లో టీ ఆకుని మొహానికి రాసుకునే పౌడరంత మెత్తగా విసిరి, ఆ పొడిని వేడినీళ్ళలో చిలికి తాగుతారట. వడకట్టేది ఏమీ ఉండదు, ఆకంతా కడుపులోకే పోతుంది. గోరువెచ్చగా ఇప్పించాను. తాయారు కళ్ళు మూసుకుని కప్పంతా తాగేసి, "దిగిందే" అంది. ఆ ఒక్క మాటకి నేను బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చి వచ్చాను.

మొన్న గురువారం వాళ్ళాయన సూరిబాబుగారు ఫోన్ చేశారు. "ఏమీ దిగట్లేదండి. సోమవారం ఏలూరు తీసుకొచ్చేయమన్నారండి, ముక్కులోంచి గొట్టం వేస్తారంట. ఏదైనా రోజుకి నాలుగైదు కప్పులు నోటితో తాగగలిగితే అప్పుడు చూద్దామన్నారండి డాక్టరుగారు. మీ ఫ్రెండేమో ఆ పచ్చ టీ ఒక్కటే దిగుతుంది, సుగుణ తెస్తే తాగుతానంటోందండి."

డబ్బా నా దగ్గర ఉంది. కేఫ్ మూతపడే ముందు ఆ అమ్మాయి దగ్గరే కొన్నాను. ముప్పై గ్రాముల పొడికి నేను పెట్టిన డబ్బుతో మా ఇంట్లో రెండు నెలలు టీ తాగొచ్చు. కానీ ఎన్నిసార్లు కలిపినా ఉండలే. చెంచాతో నొక్కితే పగిలి, లోపలినుంచి పొడి పొడిగానే బయటికి వచ్చేది. మామూలు గొంతుకే అడ్డం పడేది, ఆ పుండుపడ్డ గొంతు సంగతి చెప్పక్కర్లేదు. హారికది తాడేపల్లిగూడెం, కేఫ్ మూసేసి ఇంటికి వెళ్ళిపోయింది. దారిలోనే కదా, దిగి నేర్చుకుని పోదామనుకున్నాను. నాకేదో ఆశ ఉందనుకోకండి. ఆశ ఉన్నవాళ్ళు నిదానంగా ఉంటారు. లేనివాళ్ళే ఇలా డబ్బాలు పట్టుకుని పరిగెడతారు.

తాడేపల్లిగూడెంలో శుక్రవారం

మార్కెట్ వీధి నిండా ఉల్లిపాయల లారీలు. ఆటో ఎక్కేసరికే కళ్ళు మండాయి. పోనీలే, ఏడ్చినా ఎవరూ అడగరు అనుకున్నాను.

హారిక తల్లి పద్మావతిగారు గుమ్మంలోనే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారు. మావైపు చుట్టానికి ఏమైనా తింటారా అని ఒకసారి అడుగుతారు, వద్దంటే ఊరుకుంటారు. ఇక్కడ వద్దన్నది మర్యాదకి అన్నాననుకున్నారు. మూడోసారికి పెసరట్టు వచ్చేసింది, నాలుగోసారికి అందులోకి ఉప్మా వచ్చింది. ప్రతి మాట చివరా అండీ. ఇంట్లోకొచ్చిన పిల్లిని కూడా ఆవిడ "అటెళ్ళండి" అని తోలారు. నేను నవ్వేశాను. ఆ మూడు రోజుల్లో నేను నవ్వింది అదొక్కసారే.

హారిక మాత్రం నన్ను చూసి సంతోషించలేదు. ఇప్పుడు ఏదో స్కూల్లో కంప్యూటర్ చెబుతోంది. కేఫ్ మాట ఎత్తగానే మొహం తిప్పుకుంది. బలవంతం చేస్తే అటక మీదనుంచి ఒక అట్టపెట్టె దింపింది. అందులో వెదురుని సన్నగా చీల్చి చేసిన కుంచె ఒకటుంది, పొడి చిలికేది దానితోనేనట. పుల్లల నిండా నల్లగా బూజు. "తడి ఆరకుండా పెట్టేశానాంటీ" అని దాన్ని మళ్ళీ పెట్టెలో పడేసింది.

"పోనీ ఎలా చేసేదానివో చెప్పమ్మా."

"పెద్ద విషయం కాదాంటీ. పొడి జల్లించాలి. నీళ్ళు మరిగాక పొయ్యి మీంచి దింపి కాసేపు ఆగాలి, మరిగే నీళ్ళు పోస్తే మాడిపోయి చేదెక్కుతుంది. గుండ్రంగా తిప్పకూడదు, ముందుకీ వెనక్కీ చిలకాలి. తర్వాత ముఖ్యమైంది..."

ఆ ముఖ్యమైంది ఏమిటో నేను వినలేదు. వంటింట్లోంచి ఏలకుల వాసన వచ్చింది. సోఫా వైపు చూశాను. నా సంచి సోఫా మీద తెరిచి ఉంది, డబ్బా లేదు.

వంటింట్లో లీటరు పాలు ఆకుపచ్చగా కుతకుతలాడుతున్నాయి. పద్మావతిగారు గరిటెతో తిప్పుతూ, "మీరు తెచ్చిన టీయే కదా, అందరం తాగుదామని పెట్టానండి. రంగు రావట్లేదని ఇంకాస్త వేశాను. ఇంకో రెండు పొంగులు రానివ్వండి, దిగుతుంది" అన్నారు.

"అది మరగబెట్టేది కాదండీ" అన్నాను.

"మరగకపోతే టీ ఏంటండీ? ఇంటికొచ్చిన మనిషికి మరగని టీ ఇస్తే పరువుంటుందా?"

డబ్బాలో చూశాను. అడుగున ఇంత మిగిలింది. లెక్కల టీచర్ని కాబట్టి చూడగానే తెలిసిపోయింది, మూడు కప్పులు. "ఒక మనిషి ప్రాణమండీ అది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆవిడ గరిటె పట్టుకునే పీట మీద కూలబడిపోయారు. పక్కగదిలోంచి వాళ్ళ అత్తగారు గ్లాసు అందుకుని, ఒక గుక్క తాగి, "తోటకూర పాయసంలా ఉందమ్మా, బానే ఉంది" అన్నారు. అందరూ తాగారు. నేనూ తాగాను. పంచదార ఎక్కువైంది.

ఆ రాత్రి పద్మావతిగారు అన్నం తినలేదని మర్నాడు హారిక చెప్పింది. పొద్దున నేను బయల్దేరుతుంటే ఆవిడ ఒక చిన్న కవ్వం తెచ్చి నా చేతిలో పెట్టారు. హారిక చిన్నప్పుడు ద్వారకా తిరుమల కొండమీద కొన్న ఆట సామానులోదట, వేలెడంత ఉంది. "ఆ కుంచె పాడైపోయింది కదండీ. కప్పులో ఇది పడుతుంది. వేడినీళ్ళతో కడిగానండి" అన్నారు. నేను క్షమించమని అడగాల్సింది పోయి, ఆవిడే నన్ను అడిగారు. హారికని ఆ మిగిలిన ముక్క అడగాలని నాకు ఏలూరు చేరేదాకా తోచలేదు. తోచాక ఫోన్ చేస్తే క్లాసులో ఉందో ఏమో, ఎత్తలేదు, తిరిగి చెయ్యనూ లేదు.

ఏలూరులో జల్లెడ

జల్లించాలంటే జల్లెడ కావాలి. టీ వడగట్టే జాలీలోంచి ఈ పొడి ఉండలతో సహా జారిపోతుంది. ఏలూరు బజార్లో నాలుగు స్టీలు సామాన్ల కొట్లు తిరిగాను. పిండి జల్లెడలు చూపించారు, ప్లాస్టిక్‌వి చూపించారు. చివరికి ఒకాయన, "సందు చివర మస్తాన్‌గారుంటారండి, జల్లెళ్ళు కట్టే ఆయన. ఆయన్ని అడగండి" అన్నాడు.

మస్తాన్‌గారికి డెబ్భై ఉంటాయి. గెడ్డం తెల్లగా, చేతులు మాత్రం కుర్రవాడివిలా చురుగ్గా ఉన్నాయి. ఒకప్పుడు చుట్టుపక్కల రైసు మిల్లులన్నిటికీ ఆయనే జల్లెళ్ళు కట్టేవారట. ఇప్పుడు ఎవరైనా చిరిగింది తెస్తే బాగుచేస్తారు, లేకపోతే బల్లమీద కూర్చుని దారిన పోయేవాళ్ళని పలకరిస్తారు. నేను డబ్బా మూత తీసి చూపించాను. ఆయన రెండు వేళ్ళ మధ్య చిటికెడు నలిపి చూశారు.

"ఇంత మెత్తటిది నేనెప్పుడూ జల్లించలేదమ్మా. ఏంటిది, మందా?"

చెప్పాను. ఎవరికో, ఎందుకో కూడా చెప్పాను. దారిలో కొత్తవాళ్ళకి చెప్పడం తేలిక, వాళ్ళు రేపు ఫోన్ చేసి ఎలా ఉందని అడగరు. ఆయన పాలపొడి డబ్బా ఒకటి తీసి పైభాగం రింగులాగా కత్తిరించారు. బట్టల మీద అచ్చు వెయ్యడానికి వాడే సన్నటి నైలాన్ వలగుడ్డ దానికి బిగించి, దారంతో చుట్టూ కుట్టారు. అరగంట పట్టింది. పని చేస్తూనే అన్నారు:

"మా ఇంట్లో ఆవిడకీ వేశారమ్మా ఆ గొట్టం. వేసేటప్పుడే బాధ. తరవాత అలవాటైపోయిందండి. ఏడు నెలలు ఉంది. ఆ గొట్టంతోనే కూర్చుని నాకు అన్ని పనులూ చెప్పేది. మాట తగ్గలేదు."

ధైర్యం చెప్పడానికే అన్నారని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు ఏడు నెలలు అన్న మాట చెవిన పడలేదు, ఆవిడ లేదన్నదే పడింది. "మా తాయారుకి గొట్టం అక్కర్లేదండి" అన్నాను, దురుసుగా. ఆయన తలూపి దారం కొస తెంపారు.

జల్లెడ ఎలా వాడాలో చూపిస్తానని ఒక కప్పుకి సరిపడా పొడి తన ఇత్తడి పళ్ళెంలోకి జల్లించారు. ఊపలేదు, అంచుమీద వేలితో మెల్లగా తడుతుంటే పచ్చటి పొగలా రాలింది. పైన గుడ్డమీద ఆవగింజలంత ఉండలు మిగిలాయి. నన్ను ఇన్నాళ్ళూ ఏడిపించినవి అవే. వాటిని వేలితో నలిపి మళ్ళీ తట్టారు. సరిగ్గా అప్పుడే సందులోంచి ట్రాలీ ఆటో ఒకటి దూసుకెళ్ళింది. ఆ గాలికి పళ్ళెంలోది మొత్తం లేచిపోయింది. మస్తాన్‌గారి గెడ్డం, నా కళ్ళజోడు, పక్కన ఎండబెట్టిన మిరపకాయలు, అన్నీ పచ్చబడ్డాయి.

ఆయన గెడ్డం దులుపుకున్నారు. "తప్పు నాదేనమ్మా, గాలికి కూర్చోబెట్టాను" అన్నారు. డబ్బులు వద్దంటారేమోనని భయపడ్డాను. అలా అంటే అక్కడే ఏడ్చేసేదాన్ని. ఆయన ఎనభై రూపాయలు అడిగి తీసుకున్నారు. ఎందుకో అందుకు ఆయనంటే గౌరవం కలిగింది.

ఇక రెండు కప్పులు.

కైకలూరు దాటాక

బస్సులో పక్కనున్న ఆవిడని కొల్లేరు ఎప్పుడొస్తుందని అడిగాను. "వచ్చి గంటయిందండి" అంది. నేను సముద్రంలా ఏదో కనిపిస్తుందనుకున్నాను. కనిపించేవన్నీ చేపల చెరువులు, వాటి గట్లు, గట్లమీద కొబ్బరిచెట్లు, మధ్యలో వాసాలకి వేలాడగట్టిన మేత సంచులు. కైకలూరులో ఐసు దుకాణాలూ, మేత కొట్లూ వరసగా ఉన్నాయి. ఎటు చూసినా నీళ్ళే, ఊళ్ళోకి తాగే నీళ్ళు మాత్రం ఆటోలో టిన్నుల్లో వస్తాయి. గట్లు ఎవరివి, సరస్సు ఎవరిది అన్న తగాదా ఇక్కడ ఏళ్ళ తరబడి ఉంది. సూరిబాబుగారిని అడిగితే, "మా చెరువు గట్టు కూడా ఉంచుతారో కొట్టేస్తారో తెలీదండి. ఇప్పుడు దాని గురించి ఆలోచించట్లేదండి" అన్నారు.

తాయారుని చూశాను. మూడు నెలల్లో సగం అయిపోయింది. చీర కుచ్చిళ్ళన్నీ ముందుకే పోగయ్యాయి. నన్ను చూడగానే మాత్రం లేచి కూర్చుంది. గొంతు పోయింది, గుసగుసలా వస్తోంది. "వచ్చావా" అంది. నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. వెంటనే టీ కలుపుతానంటే, "రేపు చేద్దువుగాని. ఇవాళ కూర్చో" అంది. ఎప్పుడో హాస్టల్లో వార్డెన్ చీర మీద మేం సిరా పోసిన సంగతి ఎత్తింది. అలా గంటసేపు నన్ను కదలనివ్వలేదు. నేనేమో మనసంతా డబ్బామీద పెట్టుకుని ఊఁ కొట్టాను.

ఆ ఇంట్లో ఇప్పుడు చేపలు వండరు. వాసనకి తాయారు ఓర్చుకోలేదు. వంటంతా రెండిళ్ళ అవతల, మరిది గారింట్లో. రాత్రి భోజనానికి నన్ను అక్కడికే తీసుకెళ్ళారు. కొర్రమీను పులుసు. మావైపు చేపల పులుసులో ఇంత నూనె, ఇంత చింతపండు ఉండవు. సిగ్గులేకుండా చెబుతున్నాను, రెండుసార్లు వేయించుకుని తిన్నాను. తిరిగొచ్చాక తాయారు మంచం మీంచే అడిగింది, "పులుపు సరిపోయిందా?" అని. సరిపోయిందన్నాను. "మా తోడికోడలు ఎక్కువేస్తుంది" అని కళ్ళు మూసుకుంది.

ఆదివారం

పొద్దున్నే మొదటి కప్పు మొదలుపెట్టాను. టిన్నులోని నీళ్ళు కాచాను, దింపాను, వేలు పెట్టి చూసి ఆగాను. తలుపులు మూసి జల్లించాను. కప్పునిండా గోరువెచ్చటి నీళ్ళు పోసి, పొడి అందులో వేసి, పద్మావతిగారిచ్చిన కవ్వంతో ముందుకీ వెనక్కీ చిలికాను. పైన నురగ వచ్చింది. అచ్చం ఆరోజు కేఫ్‌లో ఇచ్చినట్టే ఉంది.

తాయారు ఒక చెంచా నోట్లో పోసుకుంది. ఆగింది. రెండో చెంచాకి దగ్గు మొదలైంది. అది దగ్గు కాదు, లోపల ఏదో చిరిగిపోతున్నట్టుంది. సూరిబాబుగారు పరిగెత్తుకొచ్చి వీపు పట్టుకున్నారు. గుడ్డమీద పడిన దాంట్లో ఎర్రటి చారల మధ్య పచ్చటి ఉండ ఒకటి, పెసరగింజంత. నురగ కింద దాక్కుంది. కప్పు అడుగున ఇంకా నాలుగున్నాయి.

నేను వంటింట్లోకి వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఇంతదూరం వచ్చి నేను చేసింది ఇదీ, రక్తం కళ్ళచూడటం. డబ్బాలో ఒక్క కప్పు మిగిలింది. దాన్ని ముట్టుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక సూరిబాబుగారు వంటింటి గుమ్మంలోకి వచ్చారు. ఆయన ఆ గది గడప దాటడం తాను ఎప్పుడూ చూడలేదని తాయారు తర్వాత చెప్పింది.

"టీచరుగారూ, పొద్దున మీరు కలిపేటప్పుడు చూశానండి. అనకూడదు గానీ, అలా కాదండి."

"మరెలా అన్నయ్యగారూ?"

"చెరువుకి మినరల్ పొడి కలుపుతామండి. బకెట్టెడు నీళ్ళల్లో పొడి పోస్తే పైనే తేలి ఉండ కడుతుందండి. ఆ ఉండలు అలాగే చెరువులో పడితే అడుగుకి పోతాయి, మందు వేసీ వెయ్యనట్టే. ముందు పొడిలోకి చారెడు నీళ్ళే పొయ్యాలి. చేత్తో నలిపి ముద్ద చెయ్యాలి. ముద్ద నున్నగా అయ్యాక, అప్పుడు కొంచెం కొంచెం నీళ్ళు పోసుకుంటూ జారు చెయ్యాలండి."

నేను నుదురు కొట్టుకున్నాను. చోడి అంబలి, అదే రాగి జావ, తాగి పెరిగినదాన్ని. పిండి ముందు చల్లనీళ్ళలో కలుపుకుని తర్వాత ఎసట్లో పొయ్యాలని మా అమ్మ ఎనిమిదేళ్ళప్పుడే నేర్పింది. జపాను వాళ్ళ సరుకు కదా, మన వంటింటి తెలివి దానికి పనికిరాదనుకున్నాను. హారిక చెప్పబోయింది కూడా ఇదేనని నా అనుమానం.

"మీరే కలపండి" అన్నాను.

ఆయన చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నారు. నేను జల్లించి ఇచ్చాను. కప్పులో పొడిమీద రెండు చెంచాల నీళ్ళు పోసి, చెంచా వెనకవైపుతో కప్పు గోడకేసి రాయడం మొదలుపెట్టారు. తొందర లేదు. ఎంతసేపు రాశారో, చివరికి అది గోరింటాకు ముద్దలా నున్నగా మెరిసింది. ఇంకో రెండు చెంచాలు. మళ్ళీ రాశారు. అప్పుడు మిగతా నీళ్ళు సన్నగా పోస్తుంటే నేను కవ్వంతో చిలికాను. ఉండ లేదు. కప్పు వంచి, వెలుతురుకి పెట్టి, అడుగు చూశాం. ఏమీ లేదు. మీరెవరైనా ఇంట్లో చేసుకోవాలనుకుంటే చెయ్యాల్సింది ఇంతే, ఇంతకు మించి రహస్యం ఏమీ లేదు.

సూరిబాబుగారు కప్పులోకి చూస్తూ, "మంచి రంగండి. చెరువులో నీళ్ళు ఇలాగే ఉండాలండి. మోచెయ్యిదాకా ముంచితే అరచెయ్యి కనపడకూడదు. అప్పుడు చేప బాగా ఆకలిమీద ఉంటుంది" అన్నారు. అనేసి, ఆ మాట ఎందుకన్నానా అన్నట్టు నా వంక చూసి, కప్పు నాకిచ్చి పెరట్లోకి వెళ్ళిపోయారు.

తాయారు దిండుకి ఆనుకుని ఉంది. కప్పు పెదాలకి ఆనించాను. ఒక గుక్క తీసుకుంది. నోట్లోనే ఉంచుకుంది. మింగబోయింది, మెడ నరాలు లేచాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేత్తో గిన్నె చూపించింది, పట్టాను. మొత్తం అందులోకే వచ్చేసింది.

"ఇందులో ఉండలు లేవే" అన్నాను. అంతకంటే తెలివితక్కువ మాట నేను జీవితంలో అనలేదు.

"తెలుసు. నున్నగా ఉంది." కాసేపు ఊపిరి తీసుకుంది. "నీ పొడి తప్పేం లేదు. లోపల దారే లేదు."

"వైజాగ్‌లో దిగింది కదే. కప్పంతా తాగావు."

"ఆ రోజూ దిగలేదే. నిప్పులు మింగినట్టుంది. నువ్వలా మొహం పెట్టుకుని చూస్తుంటే మింగేశాను. తరవాత నువ్వు బాత్రూంలోకి వెళ్ళావు చూడు, అప్పుడు బయటికెళ్ళి కక్కేశాను."

ఆ ఒక్క కప్పుని పట్టుకుని నేను మూడు నెలలు బతికాను. చుట్టాలందరికీ చెప్పాను. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాను. "మరి ఇప్పుడెందుకు తెమ్మన్నావే" అన్నాను. కోపంగానే అన్నాను, దాచుకోను.

ఆమె పెదాలు తుడుచుకుంది. తర్వాత నెమ్మదిగా అంది.

"ఊరికే రమ్మంటే నువ్వు రావు కదే. ముప్పై ఏళ్ళు పిలిచాను. నీకేదైనా పని చెబితేనే వస్తావు."

పెరట్లో సూరిబాబుగారు చేతులు మళ్ళీ కడుక్కుంటున్న చప్పుడు వినిపించింది. నేను ఆమె పాదాల దగ్గర కూర్చున్నాను. వచ్చిన దగ్గర్నుంచీ పొయ్యి దగ్గరా, డబ్బా దగ్గరా తప్ప ఆమె దగ్గర నేను ఎంతసేపు కూర్చున్నానో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. నిన్న ఆ గంటే. అది కూడా సగం విని.

"గొట్టం వేయించుకుంటాను" అంది తాయారు. "నాకేం భయం లేదు. భయమంతా నీకూ ఆయనకీను. ఆయనకి చెప్పకు, తాగాననే చెప్పు."

మర్నాడు ఏలూరులో జరిగింది ఇక్కడ రాయను. గొట్టం వేశారు, అంతే. ఆ సాయంత్రం రైల్లో నేను విజయనగరం వచ్చేశాను.

ఆదివారం సంగతి ఇంకొకటి మిగిలింది. కప్పు నా చేతిలోనే ఉండిపోయింది. ఏం చెయ్యాలో తెలియక పారబోయడానికి లేచాను. తాయారు నా కొంగు పట్టుకుంది.

"పారబొయ్యకు. ఆయన కలిపారు. నువ్వు తాగు."

"నాకొద్దే."

"తాగవే. ఆయన ఖాళీ కప్పు చూడాలి. నాకూ చూడాలనుంది."

ఆమె ఎదురుగా కూర్చుని తాగాను. పచ్చిగడ్డి వాసన, చివర కాస్త తీపి. ఎక్కడా ఏదీ తగల్లేదు. గుక్క తర్వాత గుక్క, ఎంత సులువుగా దిగిపోయిందో చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. కప్పు ఖాళీ అయ్యేదాకా తాయారు కళ్ళార్పకుండా నా గొంతు వైపే చూస్తూ ఉంది.